బహుళ డిస్కుల ఛేంజర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా నడపాలి: సమగ్ర మార్గదర్శి

మూడు, ఐదు, ఆరు డిస్కులు ఒకేసారి పట్టే ఛేంజర్ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు తగిలించినవారు దాదాపు అందరూ మొదట అడిగే ప్రశ్న ఇది: ఫైల్ మేనేజర్ తెరిచిన ప్రతిసారీ ఆ పెట్టె గరగరమంటూ డిస్కులన్నింటినీ ఒకదాని తరువాత ఒకటి ఎందుకు లోపలికి లాక్కుంటోంది? రెండో ప్రశ్న అంతకంటే ఆందోళన కలిగించేది: రెండో డిస్క్ నుంచి కాపీ చేసుకున్న ఫైల్‌లోకి మూడో డిస్క్‌లోని సమాచారం ఎలా వచ్చింది?

ఈ రెండింటికీ మూలం ఒకటే. ఛేంజర్‌లో చదివే పరికరం, అంటే రీడర్, సాధారణంగా ఒక్కటే ఉంటుంది. మిగిలినవన్నీ డిస్కులు దాచుకునే అరలు. ఈ సంగతి మరచిన ఆపరేటింగ్ సిస్టమ్ దానిని ఐదారు డ్రైవ్‌ల గుంపుగానో, మామూలు సింగిల్ డ్రైవ్‌గానో భావించి నడుపుతుంది. ఏ అరలో ఏముందో తెలుసుకోవడానికి డిస్క్ కదలకూడదు. ఎవరైనా నిజంగా చదవాలని అడిగినప్పుడు మాత్రమే అది కదలాలి. కింది అడుగులన్నీ ఈ నియమం నుంచే వచ్చాయి.

డ్రైవర్‌గానీ, డిస్కులను నిర్వహించే సేవా ప్రోగ్రామ్‌గానీ రాసేవారి కోసం ఇది ప్రధానంగా ఉద్దేశించినది. పాత సీడీల నిల్వను హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించడానికి ఛేంజర్‌ను వాడుతున్నవారు ఎనిమిదో భాగం నుంచి మొదలుపెట్టి, అవసరమైనప్పుడు వెనక్కి రావచ్చు.

1. చేతిలో ఉన్నది ఏ కుటుంబానికి చెందిన ఛేంజరో తేల్చుకోండి

ఛేంజర్లు బయటికి ఒకేలా కనిపించినా, కంప్యూటర్‌తో మాట్లాడే తీరును బట్టి మూడు కుటుంబాలుగా విడిపోతాయి. ఏ కుటుంబమో తెలియకుండా ఒక్క ఆదేశం కూడా పంపకండి.

మొదటి కుటుంబం ఒక్కో డిస్కుకు ఒక్కో లాజికల్ యూనిట్ సంఖ్య, అంటే ఒకే పరికరం చిరునామా కింది ఉప సంఖ్య, ఇస్తుంది. స్కజీ (పరికరాలను కంప్యూటర్‌కు కలిపే పాత పద్ధతి) కాలానికి చెందిన పయొనీర్ డీఆర్ఎం-600, నాకమిచి ఎంజే-4.8ఎస్, ఎంజే-5.16ఎస్ ఈ కోవలోనివి. ఒకే చిరునామా కింద ఇవి అనేక విడి డ్రైవ్‌లుగా కనబడతాయి. అందుకే లినక్స్ కెర్నెల్‌లోని స్కజీ పరికరాల జాబితాలో ఈ మోడళ్లకు రెండు గుర్తులు తగిలించి ఉంటాయి: లాజికల్ యూనిట్లన్నింటినీ తప్పక వెతకమని ఒకటి, ఒక సమయంలో ఒక యూనిట్‌ను మాత్రమే పని చేయనివ్వమని మరొకటి.

రెండో కుటుంబం ఒకే డ్రైవ్‌గా కనబడి, స్లాట్ మార్చడానికి ప్రత్యేక ఆదేశాన్ని స్వీకరిస్తుంది. ఐడీఈ కేబుల్‌తో వచ్చిన అటాపీ (ఆ కేబుల్ మీద సీడీ డ్రైవ్‌లకు ఆదేశాలు పంపే పద్ధతి) ఛేంజర్లు ఎక్కువగా ఇవే. డిస్క్ మార్చడానికి లోడ్-అన్‌లోడ్ ఆదేశం, అంటే హెక్సాడెసిమల్‌లో ఏ6, స్లాట్ల పరిస్థితి తెలుసుకోవడానికి మెకానిజమ్ స్టేటస్ ఆదేశం, అంటే బీడీ, వీటికి ఆధారం.

మూడో కుటుంబంలో రోబో చేయి ఒక పరికరం, రీడర్ మరొక పరికరం. చేయి తన పరికర రకాన్ని 8గా చెప్పుకుంటుంది. దానికి మూవ్ మీడియం ఆదేశం, అంటే ఏ5, మూలకాల పరిస్థితి చదివే ఆదేశం, అంటే బీ8, పంపాలి.

ఇక్కడొక ప్రమాదం పొంచి ఉంది. ఏ6 అనే సంకేతానికి రెండో కుటుంబంలో డిస్క్ ఎక్కించడం, దించడం అని అర్థం. మూడో కుటుంబంలో అదే సంకేతానికి రెండు డిస్కులను పరస్పరం మార్పిడి చేయడం అని అర్థం. పరికర రకం చూడకుండా ఏ6 పంపడమంటే, చిరునామా చూడకుండా ఉత్తరం వేయడమే.

వీటికి లొంగని మినహాయింపు కూడా ఉంది. సాన్యో 3 డిస్కుల ఛేంజర్ ఏ6ను పట్టించుకోదు. టెస్ట్ యూనిట్ రెడీ, అంటే డ్రైవ్ సిద్ధంగా ఉందా అని అడిగే ఆదేశంలోని 7వ బైట్‌లో (ఆదేశాలలో బైట్ల లెక్క 0 నుంచి) స్లాట్ సంఖ్య రాస్తేనే డిస్క్ మారుస్తుంది. మెకానిజమ్ స్టేటస్‌కూ అది సమాధానం ఇవ్వదు. అందువల్ల లినక్స్ కెర్నెల్‌లోని సీడీరామ్ కోడ్, ఆ యంత్రంలో మూడు స్లాట్లూ నిండి ఉన్నాయనీ, మూడూ మారి ఉండవచ్చుననీ ముందే అనుకుని ముందుకు సాగుతుంది. ఇలాంటి మినహాయింపులను మోడల్ పేరుతో ఒక పట్టికలో పెట్టండి, ప్రధాన కోడ్‌లో అక్కడక్కడా చల్లకండి.

మొదటి తనిఖీ:

☐ ఇంక్వైరీ ఆదేశంతో పరికర రకం, తయారీదారు, మోడల్ చదివారా?
☐ మోడ్ పేజీ 2ఏలో, అంటే డ్రైవ్ తన సామర్థ్యాలు చెప్పే పట్టికలో, లోడింగ్ యంత్రాంగం రకం చూశారా? విలువ 4 అయితే విడివిడి డిస్కుల ఛేంజర్, 5 అయితే కార్ట్రిడ్జ్ ఛేంజర్.
☐ 0 తరువాతి లాజికల్ యూనిట్లు ఉన్నాయేమో వెతికారా?
☐ మినహాయింపుల పట్టికతో మోడల్ పేరును సరిచూశారా?

2. నాలుగు వస్తువులను విడివిడిగా గుర్తించండి

రీడర్, స్లాట్, డిస్క్, వాల్యూమ్: ఈ నాలుగూ వేర్వేరు వస్తువులు. సింగిల్ డ్రైవ్‌లో ఇవి ఒకదానిమీద ఒకటి పేరుకుపోయి ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. ఛేంజర్‌లో తేడా తెలియకపోతే పని జరగదు.

విండోస్ 95 కాలంలో ఒక్కో స్లాట్‌కు ఒక్కో డ్రైవ్ అక్షరం ఇచ్చే పద్ధతి ఉండేది. వాడుకరికి డిస్కులన్నీ ఒకేసారి కనబడతాయి, అది నిజంగా మంచి సౌలభ్యమే. అయితే ప్రతి అక్షరం వెనుక స్వతంత్రమైన డ్రైవ్ ఉందని మిగతా ప్రోగ్రామ్‌లు నమ్ముతాయి, ఆ నమ్మకంతో అన్నింటినీ ఒకేసారి పలకరిస్తాయి. లినక్స్ ఇందుకు విరుద్ధంగా ఒకే పరికరాన్ని చూపించి, స్లాట్ ఎంచుకోవడానికి ఒక ప్రత్యేక పిలుపును ఇచ్చింది. యంత్రం విషయంలో ఇదే నిజాయితీ గల పద్ధతి, కానీ రీడర్‌లో లేని నాలుగు డిస్కులు వాడుకరి కంటికి కనబడనే కనబడవు.

నా అభిప్రాయంలో పరికరం స్థాయిలో లినక్స్ పద్ధతినీ, చూపించే స్థాయిలో విండోస్ 95 పద్ధతినీ కలపాలి. రీడర్‌కు ఒకే పరికర ఫైల్ ఉండాలి. స్లాట్లు దాని లక్షణాలుగా ఉండాలి. వాల్యూమ్‌లు మాత్రం, డిస్క్ రీడర్‌లో ఉన్నా లేకపోయినా, స్థిరమైన పేర్లతో వాడుకరికి కనబడాలి.

ప్రతి స్లాట్‌కు ఈ స్థితులలో ఒకటి ఉంచండి: ఖాళీ, డిస్క్ ఉంది కానీ ఏదో తెలియదు, తెలిసిన డిస్క్, రీడర్‌లో ఉన్న డిస్క్, మళ్లీ సరిచూడవలసిన డిస్క్. ఏమీ రాయని రికార్డబుల్ డిస్క్ ఉన్న స్లాట్‌ను ఖాళీ స్లాట్‌గా లెక్కవేయకండి. రెండు వైపులా సమాచారం ఉన్న డీవీడీ అయితే ఒకే డిస్కుకు రెండు వాల్యూమ్‌లుంటాయి. యంత్రం డిస్క్‌ను తిరగేయలేనప్పుడు రెండో వైపును అందుబాటులో లేనిదిగా నమోదు చేయాలి.

3. డిస్కులను కదపకుండా జాబితా తయారుచేయండి

రెండో కుటుంబంలో మెకానిజమ్ స్టేటస్ జవాబు చాలా పనికివస్తుంది. మొదటి 8 బైట్ల శీర్షికలో ప్రస్తుత స్లాట్, యంత్రం పరిస్థితి, మొత్తం స్లాట్ల సంఖ్య ఉంటాయి. ఆ తరువాత ఒక్కో స్లాట్‌కు 4 బైట్లు. వాటిలో మొదటి బైట్‌లోని పై బిట్ డిస్క్ ఉందా అన్నది, చివరి బిట్ డిస్క్ మారిందా అన్నది చెబుతాయి. ఏ డిస్కునూ రీడర్‌లోకి తేకుండానే ఇది తెలుస్తుంది.

శీర్షికలోనే ఛేంజర్ స్థితి 2 బిట్లలో ఉంటుంది: 0 అయితే సిద్ధం, 1 అయితే ఎక్కిస్తోంది, 2 అయితే దించుతోంది, 3 అయితే ప్రారంభ తనిఖీలో ఉంది. 0 వచ్చేవరకు స్లాట్ల పట్టికను నమ్మకండి. మూడో కుటుంబంలో బీ8 ఆదేశం ఇదే పని చేస్తుంది. మొదటి కుటుంబానికి ఇలాంటి సౌకర్యం లేనప్పుడు ఒక్కో యూనిట్‌ను అడగడమే మార్గం, అడగడమంటే డిస్క్ కదలడమే. కాబట్టి వాటిని వాడుకరి కోరినప్పుడు ఒకే విడతగా చూసి, ఫలితాన్ని దాచుకోవాలి.

డిస్క్ ఉందని తెలియడం ఒక ఎత్తు, అది ఏ డిస్కో తెలియడం మరొక ఎత్తు. గుర్తింపు కోసం డిస్క్ కనీసం ఒకసారి రీడర్‌లోకి రావలసిందే. ఆ ఒక్క రాకలోనే కావలసినవన్నీ చదివి దాచుకోండి:

☐ ఐఎస్ఓ 9660 (డేటా సీడీలలో ఫైళ్లను అమర్చే ప్రమాణం) డిస్క్ అయితే 16వ సెక్టార్, అంటే 32,768వ బైట్ దగ్గర మొదలయ్యే ప్రధాన వాల్యూమ్ వివరణి. అందులో 32 అక్షరాల వాల్యూమ్ పేరు, 17 బైట్ల సృష్టి తేదీ ఉంటాయి.
☐ విషయసూచిక, అంటే ట్రాకుల సంఖ్య, ప్రతి ట్రాక్ మొదలయ్యే చోటు. ఆడియో సీడీకి ఇదే గుర్తింపు.
☐ డిస్క్ మొత్తం పరిమాణం.
☐ మొదటి స్థాయి ఫోల్డర్ల జాబితా. వీలైతే పూర్తి ఫోల్డర్ల వృక్షం.

వాల్యూమ్ పేరు ఒక్కదానినే ఆధారంగా తీసుకోవద్దు. పేరు పెట్టే ఓపిక లేక రాసే ప్రోగ్రామ్ ఇచ్చిన పేరుతోనే వదిలేసిన డిస్కులు ప్రతి ఇంట్లోనూ దొరుకుతాయి. పేరు, తేదీ, పరిమాణం, విషయసూచిక కలిపి ఒక ముద్రగా తయారుచేయండి. ఒకే డిస్క్ రెండు ప్రతులు రెండు స్లాట్లలో ఉంటే ముద్ర కూడా ఒకటే అవుతుంది కాబట్టి స్లాట్ సంఖ్యనూ పక్కన రాసుకోండి.

ఈ జాబితాను మెమరీలో కాక హార్డ్ డిస్క్ మీద దాచండి. కంప్యూటర్ మొదలైనప్పుడల్లా ఐదు డిస్కులనూ తిప్పి చూసే అలవాటు వద్దు. మారినట్టు బిట్ చెప్పిన స్లాట్లను మాత్రమే "మళ్లీ సరిచూడాలి" స్థితిలోకి మార్చి, అవి సహజంగా రీడర్‌లోకి వచ్చే సమయం కోసం ఆగండి.

4. డిస్క్ మార్చే క్రమాన్ని ఒక్క అడుగు కూడా దాటవేయకుండా పాటించండి

సమాచారం పాడయ్యేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే. కాబట్టి ఈ భాగాన్ని నెమ్మదిగా చదవండి.

1) రీడర్ మీద ఒకే తాళం వేయండి. స్లాట్‌కు ఒక తాళం కాదు, రీడర్‌కు ఒక తాళం. మార్పు పూర్తయ్యేవరకు కొత్త అభ్యర్థనలన్నీ వరుసలో ఆగాలి.

2) పాత డిస్క్ మీద తెరిచి ఉన్న ఫైళ్లున్నాయా చూడండి. ఉంటే మార్చవద్దు, తీరిక లేదన్న లోపాన్ని తిరిగి పంపండి. లినక్స్ కూడా పరికరాన్ని మరొకరు వాడుతున్నప్పుడు స్లాట్ మార్చమంటే ఇలాగే తిరస్కరిస్తుంది. బలవంతపు మార్పు కావాలంటే అది వాడుకరి స్వయంగా చెప్పిన మాట కావాలి.

3) రాయగల డిస్క్ అయితే, రాయవలసినదంతా డిస్క్ మీదికి చేరేవరకు ఆగండి. డ్రైవ్ లోపలి బఫర్‌ను కూడా ఖాళీ చేయించండి.

4) వాల్యూమ్‌ను అన్‌మౌంట్ చేసి, ఆ పరికరానికి సంబంధించిన క్యాష్, అంటే మెమరీలో దాచిన నకలు, మొత్తాన్ని పారేయండి.

ఈ నాలుగో అడుగు దగ్గర కొంత ఆగాలి. కొన్నేళ్ల క్రితం ఒక గ్రంథాలయంలోని పాత సీడీలను హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించే పనిలో నేను సాయపడ్డాను. అక్కడి డ్రైవర్ స్లాట్ మార్చేది, కానీ పాత క్యాష్‌ను వదిలేది కాదు. రెండో డిస్క్ ఫోల్డర్ల జాబితా మెమరీలో ఉండగానే మూడో డిస్క్ రీడర్‌లోకి వచ్చేది. ఫైల్ పేరు, పొడవు, మొదలయ్యే సెక్టార్ అన్నీ రెండో డిస్కువి. ఆ సెక్టార్‌లో చదివిన బైట్లు మూడో డిస్కువి. ఒక్క లోపం కూడా నమోదు కాలేదు, కాపీ అంతా విజయవంతమనే తెరమీద కనబడింది. చివరికి ఒక పాత ఛాయాచిత్రం తెరిచి చూస్తే పై సగం ఒక ఊరేగింపు, కింది సగం బూడిదరంగు గీతలు. ఆ రోజు వరకు ఎక్కించిన డిస్కులన్నింటినీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించవలసి వచ్చింది. లోపం చూపి ఆగిపోయే యంత్రాన్ని సరిదిద్దుకోగలం. తప్పు సమాచారాన్ని సరైనదిగా అందించే యంత్రం మాత్రం, తప్పు జరిగిందన్న సంగతినే మనకు దక్కనివ్వదు. అందుకే క్యాష్‌ను పరికరం పేరుతో కాక డిస్క్ ముద్రతో ముడిపెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

5) తలుపు తాళాన్ని తీయండి. కొన్ని యంత్రాలు తాళం ఉండగా డిస్క్ మార్చవు.

6) మార్పు ఆదేశం పంపండి. రెండో కుటుంబంలో ఏ6 ఆదేశం 4వ బైట్‌లో ఎక్కించమనే విలువ 3, 8వ బైట్‌లో స్లాట్ సంఖ్య. ఈ ఆదేశానికి గడువు ఉదారంగా ఇవ్వండి. లినక్స్ 60 సెకన్లు ఇస్తుంది. మామూలు చదివే ఆదేశాలకు ఇచ్చే చిన్న గడువు ఇక్కడ వాడితే, చేయి సగం దారిలో ఉండగానే కెర్నెల్ బస్‌ను రీసెట్ చేస్తుంది, డిస్క్ ఇరుక్కుంటుంది.

7) డిస్క్ సిద్ధమయ్యేవరకు టెస్ట్ యూనిట్ రెడీతో అడుగుతూ ఉండండి. డ్రైవ్ కారణాన్ని సెన్స్ కీ అనే సంఖ్యతోనూ, దాని వెంట వచ్చే హెక్సాడెసిమల్ వివర సంకేతాలతోనూ చెబుతుంది. జవాబును ఇలా అర్థం చేసుకోవాలి: సెన్స్ కీ 2తో 04, 01 వస్తే యంత్రం సిద్ధమవుతోంది, ఆగి మళ్లీ అడగండి. కీ 6తో 28 వస్తే డిస్క్ మారి ఉండవచ్చునన్న సమాచారం, అది లోపం కాదు. నమోదు చేసుకుని మళ్లీ అడగండి. కీ 2తో 3ఏ వస్తే డిస్క్ లేదు, ఆ స్లాట్‌ను ఖాళీగా గుర్తించి ఆగిపోండి.

8) వచ్చిన డిస్క్ అడిగిన డిస్కేనా చూడండి. ప్రస్తుత స్లాట్ సంఖ్యను చదవండి. ఆపైన డిస్క్ ముద్రను కొత్తగా లెక్కించి జాబితాతో పోల్చండి. ముద్ర కలవకపోతే జాబితాను సరిచేసి, అడిగిన ప్రోగ్రామ్‌కు లోపం పంపండి. వేరే డిస్క్‌ను నిశ్శబ్దంగా అందించకండి.

9) పరిమాణాన్ని, విషయసూచికను మళ్లీ చదివి, మౌంట్ చేసి, తాళం వదలండి. ఆగి ఉన్న అభ్యర్థనలలో ఈ డిస్కుకు సంబంధించిన వాటినే ముందుగా పంపండి.

5. అభ్యర్థనలను డిస్క్ వారీగా కూడగట్టండి

రెండు ప్రోగ్రామ్‌లు రెండు స్లాట్లలోని డిస్కులను ఒకేసారి కాపీ చేస్తున్నాయనుకుందాం. ఒక్కో డిస్క్‌లో 650 మెగాబైట్లు ఉన్నాయి, డ్రైవ్ వేగం 4ఎక్స్, అంటే సెకనుకు 600 కిలోబైట్లు, డిస్క్ మారడానికి 8 సెకన్లు పడుతుంది అనుకుందాం.

ఒకదాని తరువాత ఒకటి కాపీ చేస్తే మొత్తం 37 నిమిషాలు. అలా కాకుండా వచ్చిన వరుసలోనే, ఇటు ఒక 64 కిలోబైట్ల ముక్క, అటు ఒక ముక్క చొప్పున చదివితే 20,800 మార్పులు అవుతాయి. మార్పులకే 46 గంటలు పోతాయి. ఈలోగా చేయి, పళ్లచక్రాలు అరిగిపోవడం అదనపు నష్టం.

ఒక సమయంలో ఒకే లాజికల్ యూనిట్‌ను పని చేయనివ్వడం వల్ల ఈ సమస్య తీరదని గమనించండి. మొదటి భాగంలో చెప్పిన ఆ గుర్తు రెండు ఆదేశాలు ఢీకొనకుండా కాపాడుతుంది, అంతే. అటూ ఇటూ ఊగడాన్ని ఆపదు. ఆపవలసినది వరుసను నడిపే కోడ్.

నేను పాటించే నియమాలు ఇవి. రీడర్‌లో ఉన్న డిస్కుకు అభ్యర్థనలు వస్తున్నంతసేపు దానినే ఉంచాలి. చివరి అభ్యర్థన తరువాత కూడా రెండు మూడు సెకన్లు ఆగాలి, ఎందుకంటే వరుసగా చదివే ప్రోగ్రామ్ ఆ వ్యవధిలో మళ్లీ అడుగుతుంది. అయితే ఎవరూ శాశ్వతంగా ఎదురుచూడకూడదు కాబట్టి ఒక డిస్క్‌ను ఏకధాటిగా ఉంచుకునే గరిష్ఠ కాలాన్ని నిర్ణయించాలి. కాపీ పనులకు దానిని నిమిషాలలోనే పెట్టండి, సెకన్లలో కాదు. ఆ కాలం దాటినా ఆడియో, వీడియో నడుస్తున్న డిస్క్‌ను మధ్యలో తీయకూడదు.

వాడుకరి తెరముందు కూర్చుని అడిగిన పని, వెనుక నడిచే పనికంటే ముందుండాలి. వెనుక నడిచే పనికి డిస్క్ మార్పించే అధికారమే లేకపోతే ఇంకా మంచిది.

6. చూసిపోవడానికి వచ్చే ప్రోగ్రామ్‌లను గుమ్మం దగ్గరే ఆపండి

వెతుకులాట సూచిక తయారుచేసే ప్రోగ్రామ్, యాంటీవైరస్, చిన్న చిత్రాలు చూపే ఫైల్ మేనేజర్, ఇటీవలి ఫైళ్ల జాబితా: వీటిలో ఏదీ డిస్క్ మార్చమని కోరుకోదు. కానీ ఫైల్ ఉందా లేదా అని అడిగినంత మాత్రాన డిస్క్ మారే ఏర్పాటు చేస్తే, ప్రతి ఒక్కటీ మారుస్తుంది.

ఫోల్డర్ జాబితా, ఫైల్ పరిమాణం, తేదీ వంటి ప్రశ్నలకు మూడో భాగంలో దాచుకున్న జాబితా నుంచే జవాబు ఇవ్వండి. ఫైల్‌లోని బైట్లు అడిగినప్పుడే డిస్క్ కదలాలి. ఆ బైట్లు అడిగేది సూచిక తయారుచేసే ప్రోగ్రామ్ అయితే, డిస్క్ అందుబాటులో లేదని చెప్పి పంపించేయండి.

డిస్క్ మారిందా అని క్రమం తప్పకుండా పరికరాన్ని అడిగే అలవాటు కూడా ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఉంటుంది. లినక్స్‌లో యూడెవ్ (పరికరాలు తగిలినప్పుడు ఏమి చేయాలో చూసే సేవ) నియమాలు సాధారణంగా దీనిని 2,000 మిల్లీసెకన్లకు ఒకసారి జరిగేలా అమరుస్తాయి. రీడర్‌లో ఉన్న డిస్క్ గురించి ఈవెంట్ స్టేటస్ ఆదేశంతో, అంటే 4ఏతో, అడిగితే నష్టం లేదు. మొదటి కుటుంబంలో మాత్రం రీడర్‌లో లేని యూనిట్‌ను టెస్ట్ యూనిట్ రెడీతో పలకరించడం కూడా డిస్క్ మార్పుకు దారితీయవచ్చు. అక్కడ ప్రస్తుత యూనిట్‌ను తప్ప మిగిలినవాటిని అడగడం పూర్తిగా మానేయాలి.

డిస్క్ రాగానే దానంతట అదే మొదలయ్యే ఆటోరన్ వంటి సదుపాయం మనిషి కొత్తగా పెట్టిన డిస్కుకే పరిమితం కావాలి. స్లాట్ నుంచి రీడర్‌లోకి వచ్చిన డిస్క్ కొత్త డిస్క్ కాదు.

7. వాడుకరికి ఏది ఎలా చూపించాలో నిర్ణయించండి

తెరమీద స్లాట్ సంఖ్యతో పాటు డిస్క్ పేరు చూపించండి. రీడర్‌లో ఉన్నదానికి వేరే గుర్తు పెట్టండి. డిస్క్ మార్పు సమయంలో "3వ స్లాట్ నుంచి డిస్క్ వస్తోంది" అన్న ఒక్క వాక్యం చూపిస్తే, యంత్రం ఆగిపోయిందనుకుని బటన్ నొక్కేవారి సంఖ్య బాగా తగ్గుతుంది.

ఎజెక్ట్ అన్న మాటకు ఛేంజర్‌లో రెండు అర్థాలున్నాయి: రీడర్‌లోని డిస్క్‌ను దాని అరకు పంపడం, డిస్క్‌ను మనిషి చేతికి ఇవ్వడం. రెండింటికీ వేర్వేరు బటన్లు ఇవ్వండి.

రెండో డిస్క్ పెట్టమని అదే డ్రైవ్‌లో వెతికే పాత ఇన్‌స్టాలర్లు ఇంకా ఉన్నాయి. వాటికోసం రీడర్‌కు ఒక స్థిరమైన మౌంట్ చిరునామా కూడా ఇవ్వాలి. అక్కడ ఎప్పుడూ ప్రస్తుత డిస్కే కనబడాలి.

8. లినక్స్‌లో చేతితో చేసి చూడండి

☐ ప్రోక్ కింద సిస్, డెవ్, సీడీరామ్ ఫోల్డర్ల వరుసలో ఉండే ఇన్ఫో ఫైల్‌ను తెరవండి. స్లాట్ల సంఖ్య ఒకటికంటే ఎక్కువగా ఉండాలి, డిస్క్ ఎంచుకోగలదన్న వరుసలో 1 ఉండాలి.
☐ డెస్క్‌టాప్‌లో డిస్కులు తమంతట తామే మౌంట్ అయ్యే సదుపాయాన్ని ఆపండి.
☐ సిస్ కింద ఆ డ్రైవ్‌కు చెందిన ఈవెంట్స్-పోల్-ఎంసెక్స్ ఫైల్‌లో 0 రాసి, పదేపదే అడగడాన్ని ఆపండి.
☐ మౌంట్ అయి ఉన్న వాల్యూమ్‌ను అన్‌మౌంట్ చేయండి. సంగీతం నడుస్తుంటే ఆపండి.
☐ ఎజెక్ట్ ఆదేశానికి మైనస్ సి ఐచ్ఛికంతో స్లాట్ సంఖ్య ఇవ్వండి. ఈ లెక్క 0 నుంచి మొదలవుతుంది. పెట్టె ముందున్న పలకమీద 3 అని ఉన్న స్లాట్ ఇక్కడ 2 అవుతుంది.
☐ మౌంట్ చేసి, వాల్యూమ్ పేరు సరిచూసి, ఆ తరువాతే కాపీ మొదలుపెట్టండి.

రోబో చేయి ఉన్న పెద్ద యంత్రాలకు ఎంటీఎక్స్ అనే ప్రోగ్రామ్ వాడండి. దానిలో లోడ్ 5 0 అంటే 5వ అరలోని డిస్క్‌ను 0వ రీడర్‌లోకి తెమ్మని అర్థం. అరలు 1 నుంచి, రీడర్లు 0 నుంచి లెక్క. విండోస్‌లో ఇలాంటి యంత్రాలను నడిపిన రిమూవబుల్ స్టోరేజ్ మేనేజర్ విండోస్ 7 నుంచి లేదు కాబట్టి, అక్కడ ఛేంజర్‌కు నేరుగా ఆదేశాలు పంపే ప్రోగ్రామ్ ఏదైనా చూసుకోవాలి.

9. తరచు జరిగే పొరపాట్లు, వాటిని సరిదిద్దే మార్గాలు

*కంప్యూటర్ మొదలైనప్పుడు డిస్కులన్నీ తిరుగుతున్నాయి.* జాబితా హార్డ్ డిస్క్ మీద దాచడం లేదు, లేదా దాచినా మొదలవగానే పారేస్తున్నారు. మారిన స్లాట్ల బిట్‌ను చూసి, మారనివాటిని పాత జాబితా నుంచే తీసుకోండి.

*డిస్క్ మార్చమంటే తీరిక లేదన్న జవాబు వస్తోంది.* ఎవరో పరికరాన్ని తెరిచి ఉంచారు. చాలాసార్లు అది ఒక టెర్మినల్ తన ప్రస్తుత ఫోల్డర్‌గా ఆ డిస్క్‌ను పట్టుకుని కూర్చోవడమే. పట్టుకున్న ప్రక్రియను వెతికి మూయించండి, బలవంతంగా మార్చకండి.

*డిస్క్ వచ్చిన వెంటనే మొదటి చదువు విఫలమవుతోంది.* కీ 6, 28 జవాబును లోపంగా భావిస్తున్నారు. దానిని నమోదు చేసి ఆదేశాన్ని మళ్లీ పంపండి.

*ఒక గీత పడిన డిస్క్ వల్ల మిగిలిన నాలుగూ అందడం లేదు.* చదవలేని సెక్టార్ దగ్గర డ్రైవ్ పదేపదే ప్రయత్నిస్తూ తాళాన్ని వదలడం లేదు. ఒక డిస్క్ మీద పునఃప్రయత్నాలకు పరిమితి పెట్టండి, ఆ డిస్క్ పనిని వరుస చివరికి పంపండి.

*నిద్రావస్థ నుంచి లేచిన తరువాత తప్పు డిస్క్ కనబడుతోంది.* కంప్యూటర్ నిద్రలో ఉండగా ఎవరైనా డిస్కులు మార్చి ఉండవచ్చు, లేదా కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను మొదటి స్లాట్‌కు తిరిగి ఉండవచ్చు. లేవగానే స్లాట్ల పరిస్థితి చదివి, రీడర్‌లోని డిస్క్ ముద్రను సరిచూసి, ఆ తరువాతే ఆగిన అభ్యర్థనలను కదలనివ్వండి.

10. వాడుకలో పెట్టేముందు పరీక్షలు

☐ ఒకే పేరు, వేర్వేరు సమాచారం ఉన్న రెండు డిస్కులను పక్కపక్క స్లాట్లలో పెట్టి, రెండింటి నుంచీ మార్చిమార్చి ఫైళ్లు కాపీ చేసి, చెక్‌సమ్‌లు పోల్చండి. క్యాష్ లోపం ఉంటే ఇక్కడే బయటపడుతుంది.
☐ ఫైల్ మేనేజర్‌లో అన్ని వాల్యూమ్‌లనూ తెరిచి మూయండి. యంత్రం చప్పుడు చేయకూడదు.
☐ ఒక ఆడియో సీడీ నడుస్తుండగా మరో స్లాట్‌లోని ఫైల్‌ను తెరవండి. పాట ఆగకూడదు, అడిగినవారికి ఎంతసేపు ఆగాలో తెలియాలి.
☐ రెండు కాపీలను ఒకేసారి మొదలుపెట్టి మార్పుల సంఖ్యను లెక్కించండి. వేలల్లో కాదు, వేళ్లమీద లెక్కపెట్టగలిగేంతే ఉండాలి.
☐ ఖాళీ స్లాట్‌ను అడగండి. డిస్క్ లేదన్న జవాబు రావాలి, 60 సెకన్ల మౌనం కాదు.
☐ డిస్క్ మారుతున్న మధ్యలో కంప్యూటర్‌ను రీసెట్ చేయండి. మళ్లీ మొదలయ్యాక, చేయి తన ప్రారంభ తనిఖీ ముగించేవరకు మీ కోడ్ ఆగుతోందో లేదో చూడండి.
☐ పాత, విలువలేని డిస్కులతో ఇవన్నీ గడిచిన తరువాతే, మరో ప్రతి లేని డిస్క్‌ను ఆ యంత్రంలో పెట్టండి.